పాత కారు లోపలి ట్రిమ్‌కి వినైల్ ర్యాప్: బెంగళూరులో ఎవరైనా సొంతంగా చేశారా?

కేఆర్‌పురం_కుర్రోడు
అందరికీ నమస్కారం. నాది 2013 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజను బాగుంది, ఏసీ బాగుంది. లోపల కూర్చుంటే మాత్రం ఏడుపొస్తుంది. గేరు చుట్టూ, ఏసీ వెంట్ల చుట్టూ ఉన్న సిల్వర్ పెయింటు పొలుసులుగా ఊడిపోతోంది. డ్రైవర్ డోర్ మీద అద్దాల స్విచ్‌లు ఉండే ముక్క నిండా గోళ్ల గీతలు, ఉంగరం గీతలు. స్టీరియో చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ అయితే వేలు పెడితే చాలు, బెల్లం పాకంలా అంటుకుంటోంది.

జేసీ రోడ్డులో ఒక షాపులో అడిగితే "మొత్తం కార్బన్ ఫైబర్ చేసేద్దాం సార్, గంటన్నర పని" అన్నాడు. ఏదీ విప్పడట, ఆ డిజైన్ ఉన్న వినైల్ ఫిల్ము (వెనక జిగురున్న పలచని ప్లాస్టిక్ షీటు) కారులోనే అతికించేస్తాడట. ధర కన్నా ఆ గంటన్నర మాటకే టెన్షన్ వచ్చింది. ఫిల్ము కొనుక్కుని నేనే చేసుకోవచ్చా? ఏ ఫిల్ము? హెయిర్ డ్రయర్ సరిపోతుందా? అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పార్కింగ్ తప్ప నాకు వేరే చోటు లేదు.

మైలేజీ_మావయ్య
ముందు ఒక్క మాట తమ్ముడూ. కార్బన్ ఫైబర్ డిజైన్ వద్దు. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

సీమ_స్టీరింగ్
మావయ్యా, మీ కారులో చెక్క డిజైన్ స్టికర్ చూశాం లెండి 😀

మైలేజీ_మావయ్య
అది నేను వేయించింది కాదు, పాత ఓనర్ పుణ్యం. తీయడానికి బద్ధకం.

సైన్‌బోర్డు_సీను
నేను బొమ్మనహళ్లిలో సైన్‌బోర్డు పని చేసేవాణ్ని. ఇప్పుడు వేరే వ్యాపారం, కానీ వినైల్ వాసన వస్తే చేతులు ఊరుకోవు. కొంచెం వివరంగా రాస్తాను.

వినైల్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి క్యాలెండర్డ్. వేడి పీవీసీ ముద్దను రోలర్ల మధ్య ఒత్తి సాగదీసి షీటు చేస్తారు. ఆ సాగదీసిన ఒత్తిడి షీటులోనే ఉండిపోతుంది. ఎండ తగిలిన ప్రతిసారీ అది వెనక్కి కుంచించుకోవాలని చూస్తుంది. అందుకే కొన్నాళ్లకు అంచుల దగ్గర సన్నగా జిగురు గీత బయటపడుతుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లబడుతుంది. రెండోది క్యాస్ట్. ద్రవంగా ఉన్న పీవీసీని పలచగా పోసి ఓవెన్‌లో ఆరబెడతారు. లోపల లాగుడు ఉండదు కాబట్టి వంపుల మీద చెప్పినట్టు వింటుంది. ఫిల్ము మందం 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. క్యాలెండర్డ్ అంతకన్నా మందం.

షాపులో తక్కువ ధరకు మొత్తం కారు చేస్తామంటే అది చాలావరకు క్యాలెండర్డే. బల్లపరుపు ముక్కకు అదైనా నడుస్తుంది. ఏసీ వెంటు చుట్టూ ఉండే వంపులకు మాత్రం పనికిరాదు. త్రీఎమ్ 2080 సిరీస్ (పాత 1080 స్థానంలో వచ్చింది), ఎవరీ డెన్నిసన్ ఎస్‌డబ్ల్యూ900, రెండూ క్యాస్ట్ ఫిల్ములే. రెండింటికీ జిగురు వైపు గాలి పోయే సన్నని దారులుంటాయి, అందుకే బుడగలు వేలితో నెడితే బయటికి పోతాయి. రోల్ వెడల్పు 1.52 మీటర్లు. మీకు పూర్తి రోల్ అక్కర్లేదు, కోసి అమ్మే షాపులున్నాయి. ఒక మీటరు పొడవు తీసుకున్నా మీ పనికి మిగులుతుంది.

ఇక అసలు సంగతి. పొలుసులు ఊడే సిల్వర్ పెయింటు మీద ప్రపంచంలో ఏ ఫిల్ము వేసినా దండగే. ఫిల్ము పెయింటును గట్టిగానే పట్టుకుంటుంది, పెయింటే ప్లాస్టిక్‌ని వదిలేస్తుంది. రెండూ కలిసి ఊడి వస్తాయి. ఊడే పెయింటంతా గోకి, 400 నంబరు శాండ్ పేపర్‌తో అంచులు చేతికి తెలియనంత నున్నగా చేయాలి. ఆ షాపు వాడి గంటన్నరలో ఈ పని లేదని నా అనుమానం.

కేఆర్‌పురం_కుర్రోడు
సీను అన్నా, దండం. అంటుకునే నల్ల ముక్క సంగతేంటి? దాని మీద నేరుగా వేసేయొచ్చా? ఎలాగూ జిగురుగానే ఉంది కదా 😅

సైన్‌బోర్డు_సీను
ఆ జిగురు మీద వేస్తే ఫిల్ము జారుతూనే ఉంటుంది. ఊరికే వేయకండి.

వైట్‌ఫీల్డ్_వైపర్
ఆ అంటుకునే రోగం నా పాత కారులో కూడా ఉండేది. కంపెనీ పేరు చెప్పను. అది మురికి కాదండీ. మెత్తగా తగలాలని ప్లాస్టిక్ మీద పాలీయురెథేన్ పూత వేస్తారు. గాలిలో తేమను పీల్చుకుని ఏళ్ల తరబడి ఆ పూతే విచ్ఛిన్నమవుతుంది. సబ్బు నీళ్లతో ఎంత తోమినా మళ్లీ జిగురే.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పాత కాటన్ బనియన్ గుడ్డతో రుద్దితే నల్లటి ముద్దగా వచ్చేస్తుంది. చాలా గుడ్డలు పాడవుతాయి, చాలా ఓపిక కావాలి, కిటికీలు తెరిచి చేయాలి. అడుగున మామూలు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది. అసలు అది బయటపడ్డాక నాకు ర్యాప్ అవసరమే అనిపించలేదు, అలాగే వదిలేశాను.

ఒక జాగ్రత్త. బటన్ల మీద మాత్రం రుద్దకండి. ఫ్యాను బొమ్మ, వాల్యూమ్ గుర్తు లాంటివి చాలా కార్లలో ఆ పూతలోనే ఉంటాయి. పూతతో పాటు అవీ పోతాయి, రాత్రి పూట ఏ బటన్ ఏదో తెలియదు. థిన్నరు, అసిటోన్ దగ్గరికే రానీయకండి, ఏబీఎస్ ప్లాస్టిక్‌ని కరిగించేస్తాయి.

డీజిల్_దీక్షితులు
అందరూ ర్యాప్ అంటున్నారు కాబట్టి నేను ఎదురు చెబుతాను. ట్రిమ్ ముక్కకు అంత కష్టం ఎందుకు? శివాజీనగర్ గుజరీలో అదే మోడల్ ముక్క వెతికితే దొరుకుతుంది. పాత బండ్లు విడగొట్టి అమ్మేవాళ్లే అక్కడ ఎక్కువ. క్లిప్పుల్లో పెట్టి నొక్కితే పని అయిపోతుంది. లేదంటే విప్పి ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, సాటిన్ బ్లాక్ (మరీ మెరవని నలుపు) స్ప్రే చేయండి. ఫిల్ముకు అంచు ఉంటుంది, అంచు ఉన్నది ఎప్పటికైనా లేస్తుంది. పెయింటుకి అంచే లేదు.

సైన్‌బోర్డు_సీను
దీక్షితులు గారూ, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్ప్రే పెయింటు కొడితే పక్క కారు ఓనరు అసోసియేషన్ గ్రూపులో ఫొటో పెడతాడు. దుమ్ము వాలకుండా పెయింటు కొట్టడం అందరి చేతా కాదు. పైగా పెయింటు నచ్చకపోతే వెనక్కి రాలేం. ఫిల్మయితే వేడి చేసి మెల్లగా లాగితే వచ్చేస్తుంది.

అంచు గురించి మీరన్నది నిజమే. అందుకే విప్పి చేయమంటున్నాను. ముక్కను బయటికి తీస్తే ఫిల్మును వెనక వైపుకు ఒక అంగుళంలో మూడో వంతైనా మడవచ్చు. అప్పుడు వేలికి తగిలే అంచే ఉండదు. కారులోనే అతికించి బ్లేడుతో చుట్టూ కోస్తే అంచు బయట ఉంటుంది, కింద ప్లాస్టిక్ మీద బ్లేడు గాటు కూడా పడుతుంది.

డీజిల్_దీక్షితులు
విప్పి చేస్తే ఒప్పుకుంటాను. అయినా ముందు గుజరీకి వెళ్లి రమ్మనే అంటాను. ధర అడిగిన వెంటనే ఇచ్చేయకుండా ఉంటే చాలు.

మద్రాస్_మడ్‌గార్డ్
చెన్నై నుంచి. ఇక్కడ మాకు ఆ పనికి పుదుప్పేట ఉంది, కొత్త సామాన్లకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. రెండు ఊళ్లకూ తేడా ఏంటంటే మా తేమ, మా ఎండ. మే నెలలో బయట పార్క్ చేస్తే డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల దాకా కాలిపోవచ్చు. బెంగళూరు వాళ్లకు అంచులు లేచే బాధ కొంచెం తక్కువ, అదృష్టవంతులు.

డ్యాష్‌బోర్డు పైభాగానికి మాత్రం ఎవరూ మెరిసే ఫిల్ము వేయకండి. ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది, మధ్యాహ్నం ఎదురెండలో రోడ్డు మసకగా కనిపిస్తుంది. కంపెనీలు పైభాగాన్ని గరుకుగా, ముదురు రంగులో ఇచ్చేది ఊరికే కాదు.

ఎలక్ట్రానిక్‌సిటీ_ఈశ్వరి
నేను మా కారుకి సొంతంగానే చేశాను, డైనింగ్ టేబుల్ మీద. మావారు టేబుల్ అడిగినప్పుడల్లా "కారు బెడ్రూంలో లేదు కదా, సంతోషించండి" అన్నాను. నాకు తెలిసినవి చెబుతాను.

విప్పడానికి స్క్రూ డ్రైవర్ వాడితే పక్క ముక్క మీద గాటు పడుతుంది. నైలాన్ ట్రిమ్ టూల్స్ సెట్ అని అమ్ముతారు, అది కొనండి. డోర్ మీద స్విచ్‌ల ముక్క కింద వైర్ కనెక్టర్ ఉంటుంది, దాని నాలుకను నొక్కి లాగాలి, వైరు పట్టి లాగకూడదు. పిడి లోపల చిన్న మూత కింద ఒక స్క్రూ దాగి ఉండొచ్చు. అది చూడకుండా లాగితే క్లిప్పు విరుగుతుంది. మీ మోడల్ పేరుతో వీడియో చూసి మొదలుపెట్టండి.

తర్వాత కడగడం. మన కార్లకు సర్వీసు సెంటర్లో డ్యాష్‌బోర్డు పాలిష్ అడక్కుండానే పూస్తారు. అందులో సిలికోన్ ఉంటే దాని మీద ఏ జిగురూ పట్టదు. ముందు గిన్నెల సబ్బు నీళ్లు, పాత టూత్ బ్రష్‌తో మూలలు. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఒక గుడ్డతో తడి, ఇంకో పొడి గుడ్డతో వెంటనే తుడుపు. ఒకే గుడ్డతో రుద్దుతూ పోతే నూనెను ఈ మూల నుంచి ఆ మూలకు చేరవేయడమే అవుతుంది.

హెయిర్ డ్రయర్‌తో చిన్న ముక్కలు అయ్యాయి. ఏసీ వెంటు చుట్టూ ఉండే ముక్కకు మాత్రం మా అపార్ట్‌మెంట్ కార్పెంటర్ దగ్గర హీట్ గన్ అడిగి తెచ్చుకున్నాను.

కేఆర్‌పురం_కుర్రోడు
ఈశ్వరి గారూ, అద్భుతం. ఏ రంగు వేశారు?

ఎలక్ట్రానిక్‌సిటీ_ఈశ్వరి
సాటిన్ ముదురు బూడిద రంగు. పియానో బ్లాక్ (అద్దంలా మెరిసే నలుపు) అనుకున్నాను కానీ శాంపిల్ ముక్క మీద మైక్రోఫైబర్ గుడ్డ తుడుపుకే గీతలు కనిపించాయి. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, మన ఔటర్ రింగ్ రోడ్డు తెలుసుగా.

మైలేజీ_మావయ్య
చూశావా, కార్బన్ ఫైబర్ వేయలేదు.

సీమ_స్టీరింగ్
నాకో డౌటు. స్టీరింగ్ మధ్యలో ఉండే ప్యాడ్, ప్యాసింజర్ ముందున్న డ్యాష్‌బోర్డు భాగం కూడా కలిపి చేసేయొచ్చా? ఒకే రంగులో ఉంటే బాగుంటుంది కదా.

వైట్‌ఫీల్డ్_వైపర్
వద్దు. దయచేసి వద్దు.

ఆ రెండు చోట్లా వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాగు ఉబ్బినప్పుడు మూత ఎక్కడ చీలాలో ఆ గీత ప్లాస్టిక్ వెనక వైపు సన్నగా చెక్కి ఉంటుంది. చాలా కార్లలో పైనుంచి కనిపించదు కూడా. సెకనులో ఇరవయ్యో వంతు లోపల జరిగిపోయే పని అది. మనం మీద సాగే ఫిల్ము అడ్డం వేస్తే చీలిక ఎటు పోతుందో, ఎంత ఆలస్యమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు. ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాల కవర్లు కూడా అంతే, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండయితే ముట్టుకోవద్దు. దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంతకుముందు బండ్లలో కొన్ని వేరియంట్లకు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. స్టీరింగ్ మీద, డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అనే అక్షరాలు ఉన్నాయేమో చూసుకోండి.

విప్పేటప్పుడు పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. దాన్ని పీకడం ఇంటి పని కాదు. మా బంధువు ఒకాయన కారుకి ఒక షాపులో ప్యాసింజర్ వైపు డ్యాష్‌బోర్డంతా చెక్క డిజైన్ ఫిల్ముతో కప్పేశారు. ఆయన సంతోషంగా చూపిస్తే నేను చెప్పాను, అదే రోజు తీయించేశాడు.

సీమ_స్టీరింగ్
అర్థమైంది వైపర్ గారూ. స్టీరింగ్ జోలికి పోను.

డీజిల్_దీక్షితులు
ఈ విషయంలో నేనూ వైపర్ గారి పక్షమే. చేతి చెమట ఎప్పుడూ తగిలే చోట కూడా ఫిల్ము వద్దు. గేరు నాబు, డోర్ లాగే పిడి, ఇలాంటివి. వాటికి సీటు కవర్లు కుట్టేవాళ్ల దగ్గర రెక్సిన్ కుట్టిస్తే ఏళ్లు ఉంటుంది.

హెబ్బాళ్_హారన్
ర్యాప్ వేస్తే ఆర్సీలో రాయించాలా? మా ఆఫీసులో ఒకాయన భయపెట్టాడు.

మైలేజీ_మావయ్య
అది బయటి రంగు మారిస్తే వచ్చే ఇబ్బంది. ఆర్సీలో ఉన్న రంగు ఒకటి, రోడ్డు మీద రంగు ఇంకొకటి ఉండకూడదు. లోపల గేరు చుట్టూ నువ్వు ఏ రంగు వేసుకున్నా ఆర్టీవోకు పట్టదు.

సైన్‌బోర్డు_సీను
ఇంకో ముఖ్యమైన సంగతి మరిచిపోయాను. ముక్క విప్పాక దాని వెనక చూడండి. చిన్న అక్షరాల్లో ప్లాస్టిక్ పేరు అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని గానీ, పీసీ ప్లస్ ఏబీఎస్ అని గానీ ఉంటే ధైర్యంగా చేయండి, జిగురు బాగా పడుతుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపైలిన్. దాని స్వభావమే ఏ జిగురునూ దగ్గరికి రానివ్వదు. డోర్ ప్యాడ్లు, గరుకు గరుకుగా ఉండే కింది భాగాలు చాలావరకు ఇదే. పైగా ఆ గరుకు మీద ఫిల్ము గుట్టల నెత్తిన మాత్రమే ఆనుతుంది, లోయల్లో ఆనదు. పట్టు సగమే.

అంచులకూ లోతు మూలలకూ త్రీఎమ్ ప్రైమర్ 94 అని ఒక ద్రవం ఉంది. పలచగా పూస్తే పట్టు బాగా పెరుగుతుంది. కానీ ముక్కంతా పూయకండి. ఒకసారి ఆనిన చోట నుంచి ఫిల్ము మళ్లీ లేపి సర్దడం కుదరదు, రేపు తీసేటప్పుడు కూడా ఏడిపిస్తుంది. వాసన ఘాటు, బేస్‌మెంట్‌లో వద్దు.

అనుమానంగా ఉంటే మాస్కింగ్ టేపు ముక్క అతికించి కాసేపాగి లాగండి. అడ్డు చెప్పకుండా ఊడొచ్చిందంటే అక్కడ వినైల్ కూడా నిలవదు.

అతికించే పద్ధతి: ముక్క కన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువ కోసుకోండి. మధ్యలో ఆనించి, ఫెల్ట్ (మెత్తటి గుడ్డ) అంచున్న స్క్వీజీతో, అంటే ఫిల్మును ఒత్తే ప్లాస్టిక్ పలకతో, మధ్య నుంచి బయటికి నెట్టండి. ముడత పడితే నొక్కి అణచకండి, లేపి కాస్త వేడి చూపిస్తే ఫిల్ము మళ్లీ సాఫీ అవుతుంది. వంపు దగ్గర వేడి చేసి మెల్లగా లాగండి. ఎక్కువ లాగితే రంగు పలచబడుతుంది, లాగుడు వెనక్కి గుంజుతుంది. లోతు గుంట ఉంటే ఒకే ముక్కతో పోరాడొద్దు. గుంటకు విడిగా చిన్న ముక్క వేసి, పైన పెద్దది వేయండి. అతుకు గుంట అంచు మీద పడితే ఎవరికీ కనిపించదు.

చివర్లో లాగిన చోట్లన్నీ మళ్లీ వేడి చేయాలి. ఫిల్ము తన పాత ఆకారం మరిచిపోవాలంటే 95 నుంచి 110 డిగ్రీలు తగలాలి. ఇక్కడే కిటుకు. ఏబీఎస్ కూడా 100 దగ్గరకు వచ్చేసరికి మెత్తబడుతుంది. గన్ను ఒకే చోట నిలబెడితే ఫిల్ము బాగుంటుంది, ముక్క వంకరపోతుంది, తర్వాత క్లిప్పుల్లో కూర్చోదు. కదుపుతూనే ఉండండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మంచిది. హెయిర్ డ్రయర్‌తో ఈ వేడి రావడం కష్టం, అందుకే వంపుల ముక్కకు ఈశ్వరి గారు గన్ను తెచ్చుకోవడం సరైన పని.

మద్రాస్_మడ్‌గార్డ్
సీను గారూ, ఇది సేవ్ చేసుకున్నాను. మెరిసే రంగులు కొనేవాళ్లకు ఒక చిన్న సంగతి: కొన్నింటి మీద పలచని పారదర్శకమైన రక్షణ పొర వస్తుంది. అతికించడం అయ్యాక దాన్ని తీసేయాలి. మా స్నేహితుడు తీయకుండా "ఫినిషింగ్ బాగాలేదు" అని షాపుతో గొడవకు దిగాడు.

హెబ్బాళ్_హారన్
😂😂

కేఆర్‌పురం_కుర్రోడు
అప్‌డేట్. అందరి మాటా కొంచెం కొంచెం విన్నాను.

జేసీ రోడ్డులోనే వేరే షాపులో సాటిన్ బ్లాక్ క్యాస్ట్ ఫిల్ము మీటరు కోయించుకున్నాను. మొదట క్యాలెండర్డ్ రోల్ తీసి "ఇదీ అదే సార్" అన్నారు. వెనక కాగితం మీద కంపెనీ పేరు, సిరీస్ నంబరు చూపించమన్నాను, అప్పుడు లోపలి నుంచి ఇంకో రోల్ వచ్చింది. తెలుగులోనే బేరం నడిచింది, అది అదనపు సుఖం.

గేరు చుట్టూ ఉన్న ముక్క, ఏసీ వెంట్ల రింగులు: ఏబీఎస్. సిల్వర్ పెయింటు గోకడానికే ఎక్కువ సమయం పట్టింది, ఫిల్ము వేయడం దాని ముందు తేలిక. గుంటల దగ్గర సీను అన్న చెప్పినట్టు రెండు ముక్కలుగా వేశాను. ఒక్క రింగులో మూల దగ్గర చిన్న ముడత ఉండిపోయింది, నేను చూపిస్తే తప్ప కనపడదు, నేను చూపించను.

స్టీరియో చుట్టూ జిగురు పూత వైపర్ గారి పద్ధతిలో తీసేశాను. అడుగున ప్లాస్టిక్ బాగానే ఉంది కానీ గేరు ముక్కతో రంగు కలవడం లేదని దానికీ ఫిల్ము వేశాను.

డోర్ స్విచ్‌ల ముక్క వెనక చూస్తే పీపీ. టేపు పరీక్షలో ఊరికే ఊడొచ్చింది. కాబట్టి దీక్షితులు గారూ, మీరే గెలిచారు. గుజరీలో గీతల్లేని ముక్క దొరికింది. కాకపోతే కుడి వైపుది అడిగితే ముందు ఎడమది చేతిలో పెట్టారు, కారు దగ్గరే పెట్టి చూశాను కాబట్టి బతికిపోయాను.

డీజిల్_దీక్షితులు
గెలుపు సగమే, మిగతాది సీను గారిది. ఫొటోలు పెట్టు బాబూ.

ఎలక్ట్రానిక్‌సిటీ_ఈశ్వరి
చాలా బాగా చేశారు! ఒకటి రెండు రోజులు ఆ అంచులను గోకకుండా వదిలేయండి, జిగురు పూర్తి పట్టుకు రావడానికి టైమ్ పడుతుంది. డ్యాష్‌బోర్డు పాలిష్ వద్దని ఈసారి సర్వీసు సెంటర్లో జాబ్ కార్డు మీదే రాయించండి, నోటితో చెబితే వినరు.

కేఆర్‌పురం_కుర్రోడు
తప్పకుండా రాయిస్తానండీ. ఫొటోలు రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. ఫిల్ము దాదాపు సగం మిగిలింది. కేఆర్ పురం, మహదేవపుర వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి, ఊరికే ఇస్తాను.

సీమ_స్టీరింగ్
అన్నా, నాకు! మారతహళ్లిలోనే ఉంటాను. స్టీరింగ్‌కి కాదు, గేరు చుట్టూ ముక్కకే.

మైలేజీ_మావయ్య
అందులో కొంచెం నాకూ ఉంచండి. చెక్క స్టికర్ పీకడానికి ముహూర్తం వచ్చినట్టుంది. సీను గారూ, పాత జిగురు మరకలు దేనితో పోతాయి?

సైన్‌బోర్డు_సీను
వేడి చేసి 45 డిగ్రీల కోణంలో మెల్లగా లాగండి మావయ్య గారూ, తొందరపడితే ఫిల్ము తెగి జిగురంతా అక్కడే ఉండిపోతుంది. మిగిలిన మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి గుడ్డ కాసేపు ఆనించి ఉంచి తుడవండి. పెట్రోలు మాత్రం వద్దు. ముందు మీది ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఉందో లేదో ఫొటో పంపండి, అక్కడ ఉంటే అది మొదట తీయాలి.

మైలేజీ_మావయ్య
పంపాను. చూసి చెప్పండి.